పాఠం 17 : తీరప్రాంత మత్స్యసంపద – ఆవరణ వ్యవస్థ ఆధారిత నిర్వహణ

17.0 పరిచయం

గత పాఠాల్లో మీరు నేల, నీరు, అడవి అనే సహజ వనరుల గురించి చదివారు. ఈ పాఠంలో సముద్రతీరంలో దొరికే చేపలు, రొయ్యలు, పీతల గురించి తెలుసుకుందాం. ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరు బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో నివసిస్తున్నవారు. "సముద్రం చూడాలంటే రాత్రంతా బండిలో ప్రయాణం చేయాలి. మాకెందుకు ఈ పాఠం?" అని మీకు అనిపించవచ్చు. ఆ ప్రశ్న సబబైనదే. దానికి జవాబు మీ ఊరి మధ్యలోనే పారుతోంది.

అరపా నది పెండ్రా ప్రాంతంలో పుట్టి, బిలాస్‌పూర్ మీదుగా ప్రవహించి శివనాథ్ నదిలో కలుస్తుంది. శివనాథ్ మహానదిలో కలుస్తుంది. మహానది సంబల్‌పూర్ వద్ద హీరాకుడ్ జలాశయాన్ని నింపి, అక్కడినుంచి కటక్ వరకు వెళ్ళి పాయలుగా చీలుతుంది. ఎక్కువ నీరు బంగాళాఖాతంలోకి పోతుంది. దయా, భార్గవి అనే పాయల నీరు మాత్రం ముందుగా చిలికా సరస్సులో చేరుతుంది. అంటే వానాకాలంలో మీ వంతెన కింద ఎర్రగా పరుగెత్తే నీటిలో కొంత భాగం చివరకు రొయ్యపిల్ల పెరిగే నీరుగా మారుతుంది. వేసవిలో అరపాలో ఇసుక తప్ప ఏమీ కనిపించనప్పుడు కూడా ఈ సంబంధాన్ని గుర్తుపెట్టుకోండి.

ఈ పాఠం చదివిన తరువాత, చేపను దాని పరిసరాల నుంచి విడదీసి చూస్తే ఎందుకు నష్టం కలుగుతుందో మీరు వివరించగలుగుతారు. మడ అడవికీ, నదికీ, వల కన్నుకూ, మత్స్యకారుని జీవనానికీ మధ్యగల సంబంధాన్ని ఉదాహరణలతో చెప్పగలుగుతారు. వేట నిషేధం వంటి నియమాలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

17.1 సముద్రంలో చేపలు ఎక్కడ ఉంటాయి?

సముద్రం అంతటా చేపలు ఒకే విధంగా పరచుకొని ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. తీరం నుంచి సముద్రపు అడుగు కొంతదూరం నెమ్మదిగా వాలుతూ పోయి, సుమారు 200 మీటర్ల లోతు తరువాత ఒక్కసారిగా దిగిపోతుంది. ఈ లోతు తక్కువ భాగాన్ని ఖండతీరపు అంచు అంటారు. ఇక్కడ పైపొరల నీటిలోకి సూర్యకాంతి చేరుతుంది. నదులు తెచ్చిన పోషక పదార్థాలూ ఇక్కడే కలుస్తాయి. కాంతి, పోషకాలు రెండూ ఉన్నచోట కంటికి కనిపించనంత చిన్నవైన వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటిని జంతుప్లవకాలు తింటాయి. ప్లవకాలను కవళ్ళు, కానాగంతలు వంటి చిన్న చేపలు తింటాయి. వాటిని వంజరం, సొర వంటి పెద్ద చేపలు తింటాయి. మీరు ఎనిమిదో పాఠంలో చదివిన ఆహారపు గొలుసు ఇదే, నేల మీద కాక నీటిలో ఉన్నదంతే.

కాబట్టి చేపలు ఎక్కువగా దొరికేది ఒడ్డుకు దగ్గరలోని ఈ సన్నని పట్టీలోనే. ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. ఇటీవల కొత్తగా కొలిచినప్పుడు అది 1,053 కిలోమీటర్లని తేలింది. ఇచ్ఛాపురం దగ్గరి నుంచి పులికాట్ సరస్సు వరకు ఉన్న ఈ పట్టీలోనే తెప్పలు, ఇంజను నావలు, మరపడవలు అన్నీ వేట సాగించాలి. తగవులు కూడా ఇక్కడే పుడతాయి.

17.2 ఒక్క చేపనే లెక్కపెట్టిన పాత పద్ధతి

పోస్టాఫీసులో దాచిన సొమ్ము మీద వడ్డీ మాత్రమే వాడుకుంటే అసలు అలాగే ఉంటుంది. చేపల విషయంలోనూ ఏటా కొత్తగా పెరిగినంత మేరకే పట్టుకుంటే మూలధనం తరగదని శాస్త్రజ్ఞులు చెప్పారు. అలా ఏటా పట్టదగిన అత్యధిక పరిమాణాన్ని గరిష్ఠ సుస్థిర దిగుబడి అంటారు. ఈ ఆలోచన తప్పు కాదు. కానీ ఇది ఒక్కొక్క జాతి చేపను విడిగా తీసుకొని లెక్క కడుతుంది. ఆ చేప ఏమి తింటుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు ఎక్కడ పెరుగుతాయి అన్న విషయాలు ఈ లెక్కలో సరిగా పట్టవు.

కెనడా దేశపు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జరిగినది ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ కాడ్ అనే చేప శతాబ్దాలపాటు దొరికింది. పెద్ద ట్రాలర్ల వలల్లో చేప బాగానే పడుతోంది కాబట్టి సముద్రంలోనూ బాగానే ఉందని అధికారులు అంచనా వేశారు. నిజానికి మిగిలిన కొద్ది చేపలూ ఒకచోట గుమిగూడాయి, ఆధునిక పరికరాలతో ట్రాలర్లు ఆ చోటును కనిపెట్టి పట్టాయి. ఒడ్డున చిన్న పడవల్లో వేటాడేవారు చేప తగ్గుతోందని ముందే చెప్పినా వారి మాటకు తగిన విలువ దక్కలేదు. 1992 జులైలో ప్రభుత్వం కాడ్ వేటను పూర్తిగా ఆపివేసింది. సుమారు 30,000 మంది ఉపాధి పోయింది. కొద్ది సంవత్సరాల్లో చేప తిరిగి వస్తుందనుకున్నారు. పరిమితంగానైనా ఆ నిషేధాన్ని ఎత్తివేసింది 2024లోనే.

రైల్వే కుటుంబాలకు తెలిసిన పోలిక ఒకటి చెప్పుకుందాం. సెక్షన్ కంట్రోలరు ఒక్క ఎక్స్‌ప్రెస్ బండిని మాత్రమే చూసి సిగ్నల్ ఇప్పించడు. వెనక వస్తున్న గూడ్సు, ఎదురు వస్తున్న ప్యాసింజరు, లూపులైను ఖాళీ, పట్టాల మరమ్మతు, అన్నీ కలిపి చూసి నిర్ణయిస్తాడు. సముద్రాన్ని కూడా అలాగే మొత్తంగా చూడాలన్నదే ఆవరణ వ్యవస్థ ఆధారిత నిర్వహణ. చేప, అది తినే ఆహారం, అది పెరిగే చోటు, వలలో అనుకోకుండా పడే ఇతర జీవులు, చేపను నమ్ముకొని బతికే మనుషులు అన్నీ ఇందులో లెక్కకు వస్తాయి. ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ 1995లో బాధ్యతాయుతమైన మత్స్య వేటకు ఒక నియమావళిని తయారుచేసింది. దాన్ని ఆధారం చేసుకొని 2003లో ఈ పద్ధతికి మార్గదర్శకాలు ప్రచురించింది.

పాఠ్యగత ప్రశ్నలు 17.1
1. తీరానికి దగ్గరగా చేపలు ఎక్కువగా ఉండటానికి రెండు కారణాలు రాయండి.
2. న్యూఫౌండ్‌లాండ్‌లో ట్రాలర్ల వలల్లో చేప పడుతున్నా సముద్రంలో చేప తగ్గడం ఎలా సాధ్యమైంది?

17.3 పిల్లలు పెరిగే చోటు : కోరింగ మడ అడవి

టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. గుడ్డునుంచి వచ్చిన సూక్ష్మమైన పిల్లలు ఆటుపోట్ల వెంట తీరానికి కొట్టుకువస్తాయి. నది నీరు, సముద్రపు నీరు కలిసే చోట, ఉప్పు తక్కువగా ఉండే బురద నీటిలో, మడ చెట్ల వేళ్ళ మధ్య దాక్కొని కొన్ని నెలలు పెరుగుతాయి. పెద్ద చేపలు ఆ వేళ్ళ మధ్యకు రాలేవు. రాలిన మడ ఆకులు కుళ్ళి ఆహారమవుతాయి. కొంత పెరిగాక రొయ్య తిరిగి సముద్రానికి పోతుంది. మండపీత, పండుగప్ప వంటివి కూడా జీవితంలో ఏదో ఒక దశలో ఈ నీటి మీద ఆధారపడతాయి. కాబట్టి విశాఖ రేవులో మరపడవ దించే రొయ్యకు పుట్టిల్లు సముద్రమే అయినా, పెరిగిన ఇల్లు మడ అడవి.

కాకినాడకు దక్షిణంగా గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరింగ మడ అడవి ఇటువంటిది. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. దీని వైశాల్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల వంటి చెట్లు ఇక్కడ పెరుగుతాయి. చేపలు పట్టి తినే నీటిపిల్లి అనే అడవి పిల్లి కూడా ఇక్కడ ఉంది.

ఈ అడవిలో కొన్ని భాగాలు ఎందుకు ఎండిపోయాయో తెలుసుకోవడం అవసరం. "ఊరివాళ్ళు కట్టెలు కొట్టుకోవడం వల్ల" అని తేలికగా చెప్పేస్తారు. కట్టెలు కొట్టడం నిజమే, పశువుల మేత కూడా నిజమే. అయితే పూర్వం అడవిని పట్టీలు పట్టీలుగా మొత్తం నరికి, అవి తిరిగి మొలుస్తాయని వదిలివేసిన పద్ధతి కూడా ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు. చెట్లు లేని నేల ఎండకు ఆరి కుంగిపోతుంది. పోటు నీరు ఆ పల్లంలోకి వచ్చి వెనక్కి పోలేక నిలిచిపోతుంది. నిలిచిన నీరు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. మడ చెట్టు ఉప్పు నీటిని తట్టుకోగలదే కానీ ఉప్పు మడిని తట్టుకోలేదు. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బతకవు.

1990ల రెండో సగంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, గ్రామాల్లోని సమితులు కలిసి ఇక్కడ పని మొదలుపెట్టాయి. ముందుగా మొక్కలు నాటలేదు, కాలువలు తవ్వారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దాని రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా కనిపిస్తుంది. ఆ కాలువల ద్వారా పోటు నీరు వచ్చి, పాటుతో వెళ్ళిపోసాగింది. పేరుకున్న ఉప్పు కొట్టుకుపోయింది. అప్పుడు నాటిన మడ మొక్కలు నిలిచాయి. ఏ కాలువ ఎటు తవ్వాలో, నీరు ఎటు పారుతుందో చెప్పడంలో అక్కడి మత్స్యకారుల అనుభవం ఉపయోగపడింది. నీరు కదిలితే అడవి బతికింది, అడవి బతికితే రొయ్యపిల్లకు చోటు దొరికింది. చేపల శాఖ పని అడవిలో, అడవుల శాఖ పని నీటిలో ఉండటం ఇక్కడి విశేషం.

ఇదే కాలంలో తీరంలో మరో మార్పు వచ్చింది. 1990ల మొదట్లో రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగాయి. చెరువులకు కావలసిన టైగర్ రొయ్యపిల్లలను సముద్రపు అంచున సన్నని వలలతో పట్టి అమ్మేవారు. అందులో ఆడవారు, పిల్లలు కూడా ఉండేవారు. పట్టినదాంట్లో రొయ్యపిల్లలను ఏరుకొని, మిగతా చేపపిల్లలను, పీతపిల్లలను ఒడ్డున పారబోసేవారు. ఒక్క రొయ్యపిల్ల కోసం ఎన్నో ఇతర జీవుల పిల్లలు చచ్చేవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలో పెద్ద ఎత్తున రొయ్యల చెరువులు కూడదని తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, నమోదు చేసుకున్న చెరువులకు షరతులతో అనుమతి కల్పించింది. ఇప్పుడు రొయ్యపిల్లలు ఎక్కువగా హేచరీల నుంచే వస్తున్నాయి కనుక ఆ సన్నవలల బెడద తగ్గింది.

17.4 నది తెచ్చే నీరు

రొయ్య సముద్రంలో పుట్టి నదీముఖంలో పెరుగుతుంది. పులస దీనికి సరిగ్గా వ్యతిరేకం. సముద్రంలో పెరిగిన ఈ చేప వానాకాలపు వరదలో గోదావరికి ఎదురీది, మంచినీటిలో గుడ్లు పెడుతుంది. "పుస్తెలు అమ్మైనా పులస తినాలి" అని గోదావరి జిల్లాల్లో అంటారు. ఇప్పటి ధర చూస్తే ఆ మాట హాస్యానికి అన్నట్లు లేదు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. అదే ఆనకట్ట పులస ఎగువ దారికి అడ్డుగోడ అయింది. గంగానదిలో కూడా ఇలాగే జరిగింది. 1975లో ఫరక్కా బ్యారేజి వచ్చాక, ఒకప్పుడు అలహాబాదు వరకు ఎదురీదిన ఈ చేప అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది. వీటిలో ఏ ఆనకట్టనూ కట్టకూడదని ఇక్కడ చెప్పడం లేదు. కట్టేటప్పుడు లాభనష్టాల పట్టికలో చేపకు కూడా ఒక వరుస ఉండాలన్నదే గమనించవలసిన విషయం.

ఇప్పుడు మళ్ళీ మీ నది వద్దకు వద్దాం. మహానది పాయల నీరు చేరే చిలికా వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరిస్తుంది. హౌరా – చెన్నై లైనులో వెళ్ళినవారు బాలుగావ్, రంభ స్టేషన్ల మధ్య కిటికీలోంచి దీనిని చూసి ఉంటారు. చిలికాలో మంచినీరు నదుల నుంచి, ఉప్పునీరు సముద్రపు ముఖద్వారం నుంచి వస్తాయి. ఈ రెండూ తగిన పాళ్ళలో కలిస్తేనే అక్కడి చేప, రొయ్య, పీత బతుకుతాయి. కాలక్రమంలో నదులు తెచ్చిన పూడికతో సరస్సు లోతు తగ్గింది. ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతూ దూరం జరిగింది. ఉప్పునీరు రావడం తగ్గి, కలుపుమొక్కలు సరస్సును కమ్మాయి. సముద్రం నుంచి పిల్లలు లోపలికి రాలేకపోయాయి. 1993లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చిలికాను చేర్చారు.

చిలికా అభివృద్ధి సంస్థ 2000 సెప్టెంబరు 23న సాతపాడా సమీపంలో ఇసుకదిబ్బను తవ్వి కొత్త ముఖద్వారం తెరిచింది. 1999–2000లో సుమారు 1,700 టన్నులుగా ఉన్న చేపల దిగుబడి 2001–02లో సుమారు 12,000 టన్నులకు చేరింది. 2002లో ప్రమాద జాబితా నుంచి చిలికా పేరు తొలగించారు. ఇక్కడ ఒక్క చేపపిల్లనూ కొనితెచ్చి వదలలేదు. దారి తెరిస్తే అవే వచ్చాయి. ముఖద్వారంతో పాటు ఎగువన కొండవాలుల్లో మట్టి కొట్టుకుపోకుండా చెట్లు పెంచడం, చిన్న అడ్డుకట్టలు కట్టడం కూడా ఈ పనిలో భాగమే.

చిలికాలో అన్నీ సర్దుకున్నాయని మాత్రం అనుకోకండి. సరస్సులో వెదురు, వలలతో చుట్టూ దడి కట్టి రొయ్యలు పెంచే ఘేరీలు నీటి కదలికనూ, చిన్న మత్స్యకారుల వేటనూ అడ్డుకున్నాయి. వాటికి వ్యతిరేకంగా ఉద్యమం నడిచింది. 1999 మే నెలలో సోరన గ్రామంలో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. నీటిని ఎవరు వాడుకోవాలన్న ప్రశ్న ఎంత దూరం పోగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మహానది నీటి పంపకం గురించి ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాల మధ్య వివాదం ఉంది. దాని పరిష్కారానికి కేంద్ర ప్రభుత్వం 2018లో ట్రిబ్యునల్ ఏర్పాటు చేసింది. ఇటువంటి వివాదాల్లో సాగునీరు, తాగునీరు, పరిశ్రమల నీరు అనే మూడు పద్దులే ఎక్కువగా వినిపిస్తాయి. సముద్రానికి చేరవలసిన నీరు "వృథాగా పోతున్న నీరు" అనే పేరుతో వార్తల్లోకి వస్తుంది. ఈ పాఠం చదివిన మీరు ఆ మాటను ఇకపై కొంచెం ఆలోచించి వాడాలి.

పాఠ్యగత ప్రశ్నలు 17.2
1. కోరింగలో మొక్కలు నాటడానికి ముందు కాలువలు ఎందుకు తవ్వారు?
2. రొయ్య, పులస జీవితచక్రాల్లో ముఖ్యమైన తేడా ఏమిటి?
3. "వృథాగా సముద్రంలో కలుస్తున్న నీరు" అన్న మాటను మీరు అంగీకరిస్తారా? ఐదు వాక్యాల్లో రాయండి.

17.5 దూరం, వల, కాలం

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు, చేపల వేట రాష్ట్ర ప్రభుత్వ పరిధిలో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు 1994లో సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం చేశారు. దీని కింద ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించారు. మరపడవలు ఆపైననే వేటాడాలి. ఒడ్డు దగ్గరే పిల్లలు పెరుగుతాయి, తెప్ప దూరం పోలేదు. కాబట్టి ఈ ఒక్క నియమం చేపకూ, పేదవానికీ రక్షణ. చట్టం చక్కగా ఉంది. రాత్రివేళ సముద్రంలో 8వ కిలోమీటరు ఎక్కడ ముగిసిందో చూసేవారు తక్కువ.

వల విషయానికి వద్దాం. రింగు వల పొడవుగా ఉండి చేపల గుంపును చుట్టుముడుతుంది. తరువాత అడుగున ఉన్న తాడును లాగితే, సంచి మూతి బిగించినట్లు వల అడుగు మూసుకుంటుంది. గుంపు మొత్తం లోపలే ఉంటుంది. కన్ను సన్నగా ఉంటే పిల్లచేప కూడా తప్పించుకోలేదు. 2022 జనవరిలో విశాఖపట్నంలో పెదజాలరిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య రింగు వలల గురించి ఘర్షణ జరిగి పడవలు తగలబడ్డాయి. ఇరువైపులా ఉన్నది మత్స్యకారులే. రింగు వల వేసేవారు అప్పు తెచ్చి లక్షలు పెట్టుబడి పెట్టారు. మామూలు వల వేసేవారికి ఆ వల వెనక ఏమీ మిగలడం లేదు. 8 కిలోమీటర్ల లోపల రింగు వల వేయరాదని నియమం ఉంది. తగవు ముదిరేవరకు నియమం కాగితం మీదే ఉండటం వల్ల పొరుగు పేటలు శత్రువులయ్యాయి.

మరపడవలు లాగే ట్రాలు వలలో సమస్య కొంచెం వేరు. ఆ వల చివర సంచిలా ఉంటుంది. సాధారణంగా దాని కన్ను డైమండు ఆకారంలో ఉంటుంది. వలను లాగేకొద్దీ ఆ కన్ను సాగి మూసుకుపోతుంది. కొలతలో పెద్ద కన్నే అయినా నీటిలో అది చిన్నదే. కన్నును చతురస్రంగా అమరిస్తే లాగినా తెరుచుకొనే ఉంటుంది, చిన్న చేప బయటపడుతుంది. ఈ చిన్న మార్పుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. అయినా చాలామంది ఎందుకు చేయరు? పిల్లచేపకు కూడా కొనుగోలుదారు ఉన్నాడు. ఒకప్పుడు సముద్రంలో పారవేసిన పొడిచేపను ఇప్పుడు కోళ్ళ దాణాకూ, చేపల చెరువుల మేతకూ కొంటున్నారు. కొనేవాడున్నంత కాలం పడవ యజమానికి చేపపిల్లను వదిలేయాలని తోచదు. కేరళ ప్రభుత్వం 2015లో కొన్ని జాతుల చేపలకు కనీస పొడవు నిర్ణయించి, అంతకన్నా చిన్నవాటిని పట్టరాదని ఆజ్ఞాపించింది. వలను కాక రేవులోని బుట్టను తనిఖీ చేయడం ఈ పద్ధతిలోని సుగుణం.

ఇక కాలం. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలూ ఇంజను పడవలూ సముద్రంలోకి వెళ్ళరాదు. 2015కు ముందు ఈ గడువు ఇంకా తక్కువగా ఉండేది. ఇంజను లేని నావలకు, తెప్పలకు నిషేధం వర్తించదు. చాలా జాతులు గుడ్లు పెట్టే కాలమని ఈ నెలలను ఎంచుకున్నారు. కానీ మన ఉష్ణమండల సముద్రాల్లో అన్ని చేపలూ ఒకే కాలంలో గుడ్లు పెట్టవు. పులస ప్రయాణం నిషేధం ముగిసిన తరువాత, వరదలతో మొదలవుతుంది. అంటే 61 రోజులు తాళం వేసి, మిగిలిన 304 రోజులు వాకిలి తెరిచి వదిలేస్తే ప్రయోజనం సగమే. వేట విరామం అవసరమే. అది మిగతా నియమాలకు బదులు కాజాలదు.

17.6 నియమం భారం ఎవరి మీద?

వేట ఆగిన రెండు నెలలు పడవ యజమాని పడవకు మరమ్మతు చేయించుకుంటాడు. సరంగుకు, కలాసీలకు పని ఉండదు. (రైల్వేలో మీకు తెలిసిన ఖలాసీ, రేవులోని కలాసీ ఒకే మాట. ఓడల నుంచి పట్టాల మీదికి వచ్చింది.) ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధ కాలానికి ఇచ్చే భృతిని 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెంచింది. రెండు నెలలకు ఒక కుటుంబానికి ఇది సరిపోతుందా లేదా అన్నది మీ ఇంటి ఖర్చుతో పోల్చి చూడండి. ఎండుచేపలు అమ్మే ఆడవారికి, ఐసు మోసేవారికి, వల అల్లేవారికి కూడా ఆ రెండు నెలలు ఆదాయం తగ్గుతుంది. పడవ ఎక్కనివారి నష్టం జాబితాల్లో తేలికగా కనిపించదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు చాలాకాలంగా గుజరాత్‌లోని వేరావల్ వంటి రేవులకు వలస వెళ్ళి, అక్కడి పడవల మీద కలాసీలుగా పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్ళినవారు కొందరు సముద్రపు సరిహద్దు వద్ద పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. 2020 జనవరిలో విడుదలై ఇళ్ళకు చేరారు. సొంత తీరంలో రేవు, ఐసు, చేప, ధర ఉంటే ఇంతదూరం పోవలసిన అవసరం వారిలో చాలామందికి ఉండేది కాదు. మీ తాతలు పనికోసం ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి ఉంటే, ఈ వలస ఎలాంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఒడిశా తీరంలోని గంజాం, పూరీ జిల్లాల్లో నోలియాలనే మత్స్యకారులున్నారు. వీరు ఆంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడినవారు, ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. వీరు వేటాడే రుషికుల్య నదీముఖం ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేల సంఖ్యలో గుడ్లు పెట్టే చోటు. ఒడిశా ప్రభుత్వం ధామ్రా, దేవీ, రుషికుల్య ముఖద్వారాల వద్ద 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 నుంచి మే 31 వరకు వేటను నిషేధిస్తోంది. తాబేలు ఊపిరి కోసం నీటి పైకి రావాలి. ట్రాలు వలలో గంటల తరబడి చిక్కుకుంటే చనిపోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో కూడా జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్ళ కళేబరాలు ఒడ్డుకు కొట్టుకువస్తుంటాయి.

దీనికి ఒక పరిష్కారం ఉంది. వల గొంతు దగ్గర ఇనుప కడ్డీల చట్రం, దానికి ఎదురుగా ఒక మూత అమరుస్తారు. రొయ్యలు కడ్డీల మధ్యనుంచి సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి మూత తోసుకొని బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనా సంస్థ మన పడవలకు తగినట్లు దీనిని రూపొందించింది. ఇటువంటి చట్రం లేని వలలతో పట్టిన రొయ్యలను కొనరాదని అమెరికా నియమం పెట్టగా, భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. తాబేళ్ళను కాపాడటం తప్పు కాదు గాని, నియమాన్ని అమలుచేసిన తీరులో వివక్ష ఉందని 1998లో తీర్పు వచ్చింది. మన సముద్రపు రొయ్యలకు 2019లో మళ్ళీ అదే అడ్డంకి ఎదురైంది. చట్రం పెడితే కొంత రొయ్య కూడా జారిపోతుందని మరపడవల వారు ఫిర్యాదు చేస్తారు. కొంత జారుతుంది, నిజమే.

తాబేళ్ళను ఎక్కువగా చంపేది ట్రాలు వల. ఏడు నెలల నిషేధం మాత్రం నదీముఖం దాటి దూరం పోలేని నోలియా చిన్న నావ మీద కూడా పడుతుంది. ట్రాలరు మరోచోట వేటాడగలదు. ఆవరణ వ్యవస్థను కాపాడే నియమం మంచిదా కాదా అని అడిగేటప్పుడు, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారని కూడా అడగాలి. కోరింగలో గ్రామ సమితులను ముందుగా కలుపుకున్నారు కనుక పని సాగింది. నియమం తయారయ్యాక సైరను వేసి చెప్పడానికీ, తయారుచేసేటప్పుడే వలలు అల్లేవారిని కూర్చోబెట్టడానికీ చాలా తేడా ఉంది.

పాఠాంత ప్రశ్నలు
1. రింగు వల వాడేవారు, మామూలు వల వాడేవారు ఒక సమావేశంలో కలిశారనుకోండి. ఇరువర్గాల వాదనలను సంభాషణ రూపంలో రాయండి.
2. నోలియాల చిన్న నావలకు నిషేధం నుంచి మినహాయింపు ఇవ్వాలా? కారణాలతో చర్చించండి.
3. కృత్యం : బుధవారీ బజారులో గాని, మీకు దగ్గరలోని మరో సంతలో గాని చేపలు, ఎండుచేపలు అమ్మేవారితో మాట్లాడండి. ఏ చేప ఏ రేవు లేక చెరువు నుంచి వచ్చింది? దారిలో ఎన్ని రోజులు పట్టింది? ఏప్రిల్–జూన్ నెలల్లో సముద్రపు చేప ధర ఎంత పెరుగుతుంది? అడ్డెడు ఎండుచేపల్లో మీ చిటికెన వేలికన్న చిన్నవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పట్టిక తయారుచేయండి. ఆ పట్టికను మీ అధ్యయన కేంద్రంలోని సంపర్క తరగతికి తీసుకురండి.